పగులు చప్పుడు

ముందే ఒప్పేసుకుంటాను. ఆ ఎండాకాలం మా వీధి చివర చికెన్ కొట్టులో ఒక కోడి తల తెగింది. దాని మీద నేరం మోపింది నేను. సాక్ష్యం తయారుచేసిందీ నేనే, గడులకి రంగులు వేసి మరీ, స్ప్రెడ్‌షీట్‌లో. ఆ కోడి ఏ పాపమూ ఎరగదు.

రోజూ ఎన్నో కోళ్ళు తెగుతుంటాయి, దీనికింత ఉపోద్ఘాతమా అనుకుంటున్నారా? మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను.

మా అత్త, అంటే నాన్నకి అక్క, ఒక కోళ్ళఫారం ప్యాకింగ్ షెడ్డులో ఇరవై రెండేళ్ళు గుడ్లు ఏరింది. ఆ పని చూడ్డానికి గారడీలా ఉంటుంది. ఒక చేతిలోకి మూడు గుడ్లు తీసుకుని వేళ్ళతో మెల్లగా దొర్లిస్తుంది. అవి ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తాయి. మంచి గుడ్డు గాజు గోలీలా పలుకుతుంది. కంటికి కనపడని సన్నని పగులుంటే గొంతు పట్టేసినట్టు బొంగురుగా పలుకుతుంది. అది పక్కకి. మిగతావాళ్ళంతా దీపం ముందు పెట్టి చూసేవాళ్ళు. అత్త గోడకేసి చూస్తూ ఏరి పారేసేది. పక్కనున్న కోళ్ళ షెడ్ల ఫ్యాన్ల హోరులో మనుషుల మాట వినపడకపోయినా గుడ్డు మాట వినపడేదట. ఆడవాళ్ళంతా ఒకరి పెదాలు ఒకరు చూసుకుంటూనే కబుర్లు కానిచ్చేవాళ్ళట.

"దీపం అబద్ధం చెప్తుందే పిల్లా. చప్పుడు చెప్పదు," అనేది.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాం ఎక్కడ పగులుతుందో వెతకడం నా పని. "నా పోలికే వచ్చింది," అని నన్ను అందరికీ చూపించుకునేది.

ఎండలు ముదిరేసరికి ఆ ఫారం మూతపడింది. బోనులు ఖాళీ చేస్తుంటే, ఎవరికీ అక్కర్లేని తొమ్మిది కోళ్ళని అత్త రెండు ప్లాస్టిక్ క్రేట్లలో పెట్టి వ్యాన్‌లో తెచ్చింది. మెడల మీద ఈక లేదు. తురాయిలు పాలిపోయి పక్కకి వాలిపోయాయి. ఒకదానినొకటి పొడుచుకోకుండా చిన్నప్పుడే ముక్కు కొసలు కోసేశారు. పెరట్లో దించితే నడవలేదు. ఒక్కోటీ ఒక కాలు ఎత్తి, మట్టి మీద పెట్టాలా వద్దా అని గాల్లోనే ఉంచింది.

అమ్మ కుట్టు మిషన్ ఆపి గుమ్మంలోకి వచ్చింది. ముందు గదిలో స్కూలు పిల్లల యూనిఫారాలు కుడుతుంది అమ్మ.

"ఇవేంటి వదినా, పీకేసినవా, ఇంకా పీక్కోవాలా?"

"ఈకలొస్తాయిలే అమ్మాయ్. రెండు నెలలు ఎండలో తిరగనీ."

"వచ్చేదాకా చొక్కాలు కుట్టమంటారా? గుండీలు పెద్దవి పెట్టనా, చిన్నవా?"

అత్త నవ్వింది. అత్త దేనికైనా నవ్వేసేది. వెనక నుంచి పిలిస్తే పలికేది కాదు. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే మీతో," అనేది అమ్మ. ఇరవై రెండేళ్ళు ఫ్యాన్ల కింద బతికినావిడకి మా మాటలు మాటల్లా ఉంటాయా అని నేనూ నవ్వేదాన్ని.

బైపాస్ అవతల కొత్తగా ఒక ప్యాకింగ్ షెడ్డు కడుతున్నారు. వానలు మొదలయ్యేసరికి తెరుస్తారట. అనుభవం ఉన్నవాళ్ళని ఒక పూట పని చేయించి చూసి తీసుకుంటారట. అత్త ప్రాణాలన్నీ ఆ షెడ్డు మీదే ఉన్నాయి. తమ్ముడు పోయిన ఇంట్లో, తమ్ముడి పెళ్ళాం కుట్టుపని మీద ఊరికే కూర్చుని తింటున్నాననే బాధ. అమ్మ ఆ మాట ఒక్కనాడూ అనలేదు. అత్త మాత్రం రోజూ వింటూనే ఉంది.

నాలుగో రోజు ఒక కోడి పెరటి గోడ మూల గుడ్డు పెట్టింది. తొమ్మిదింటిలో అన్నిటికంటే బోడిది అదే. తోక కూడా లేదు. అప్పటికే అత్త వెనకాలే తిరుగుతుండేది. అత్త బకెట్ దగ్గరికెళ్తే బకెట్ దగ్గరికి, బట్టలారేసే తాడు దగ్గరికెళ్తే తాడు దగ్గరికి. బోడమ్మ అని పిలిచేవాళ్ళం. గుడ్డు పెట్టి లేచి, వెనక్కి తిరిగి, దానికేసి చూస్తూ అలా నిలబడిపోయింది.

"ఏమైందత్తా దానికి?"

"బోనులో నేల వాలుగా ఉంటుంది. గుడ్డు పెట్టగానే తీగల మీంచి దొర్లి ముందు తొట్టిలోకి పోతుంది. రెండేళ్ళుగా రోజుకొకటి పెడుతోంది గానీ, గుడ్డంటే ఎలా ఉంటుందో ఇది ఇప్పుడే చూస్తోంది," అంది అత్త. చెప్పి తను కూడా చూస్తూ కూర్చుంది.

రెండు వారాలు హాయిగా గడిచాయి. నేను ప్లైవుడ్ పెట్టెలు మూడు చేసి, గడ్డి వేసి, గూళ్ళు కట్టాను. గుడ్లు ఎన్ని కావాలంటే అన్ని. మూడో వారం నుంచి మొదలైంది. పొద్దున్న ఆరు గుడ్లుంటే మధ్యాహ్నానికి రెండే. గడ్డి తడిగా, పసుపుగా. పెంకు ముక్క కూడా మిగల్చకుండా తినేస్తున్నాయి.

"కంచే చేను మేయడమంటే ఇదే," అంది అమ్మ. "కన్నవాటిని కన్నతల్లే తినేస్తుంటే చూస్తూ ఊరుకుంటామా? ఈగలొచ్చి నా తెల్లబట్ట మీద వాలుతున్నాయి. వాన పడేలోపు ఇది ఆపండి వదినా. లేకపోతే తొమ్మిదింటినీ కొట్టువాడికిచ్చేస్తా."

అత్త ముఖం చిన్నబోయింది. "వీటి ముక్కులు మొద్దులు అమ్మాయ్. గట్టి గుడ్డుని పగలగొట్టలేవు," అని గొణిగింది. ఆ మాట నేను విన్నాను. విని, పక్కన పెట్టేశాను. నిజానికి టెస్టింగ్‌లో మొదటి పాఠమే, కొత్త తప్పు కనపడితే ముందు వాడేవాడు ఏం చెప్తున్నాడో విను అని. నాకు వంద వీడియోలు చూసిన తెలివి ఉంది మరి.

పెంకు గట్టిపడాలని ఆల్చిప్పల నూక పోశాను. గూళ్ళకి అమ్మ దగ్గర మిగిలిన నీలం గుడ్డతో తెరలు కట్టాను. పింగ్‌పాంగ్ బంతులు పెడితే పొడిచి పొడిచి విసుగొచ్చి మానేస్తాయన్నారు. అవి బంతుల్ని కన్నెత్తి కూడా చూడలేదు. అమ్మ ఒక గుడ్డుకి చిల్లు పెట్టి, సొన తీసేసి, రెండు చెంచాల కారం కూరింది. అరగంటలో ఊడ్చిపెట్టాయి. పక్షులకి కారం తెలీదని తర్వాత చదివాను.

"ఇంకాస్త వెయ్యమంటున్నట్టున్నాయే," అంది అమ్మ.

అప్పుడు నాలోని ఇంజనీరు నిద్ర లేచింది. ప్రతి కోడి కాలికీ ఒక రంగు దారం కట్టాను. రోజుకి నాలుగుసార్లు పెరట్లోకి వెళ్ళి, ఏ ముక్కుకి సొన అంటుకుందో రాసుకున్నాను. పది రోజులు. బోడమ్మ ముక్కుకి తొమ్మిది రోజులు అంటింది. మిగతావాటిలో దేనికీ మూడు దాటలేదు.

లాప్‌టాప్ డైనింగ్ టేబుల్ మీద పెట్టి ఇద్దరికీ చూపించాను. బోడమ్మ వరస మొత్తం ఎర్రగా ఉంది.

"ఒక్కదానికి రుచి మరిగితే దాన్ని చూసి అన్నీ నేర్చుకుంటాయి. ఆ ఒక్కదాన్ని తీసేస్తే మిగతా ఎనిమిదీ బాగుపడతాయి," అన్నాను.

"చదువుకున్న పిల్ల లెక్క తేల్చింది," అంది అమ్మ. "ఏమంటారు వదినా?"

అత్త చాలాసేపు ఆ ఎర్ర గడుల వంకే చూసింది. నా వంక చూసింది, అమ్మ వంక చూసింది. మేమిద్దరం ఊరుకున్నాం.

"నేనే తీసుకెళ్తా," అంది చివరికి.

నేనూ వెంట వెళ్ళాను. చంకలో బోడమ్మ అటూ ఇటూ కూడా కదల్లేదు. అత్త ఎక్కడికి తీసుకెళ్ళినా దానికి సమ్మతమే. కొట్టతను త్రాసులో పెట్టబోయి నవ్వాడు.

"ఏమ్మా, సగం పని మీరే చేసి తెచ్చారే! ఈకలేవి? ఇందులో ఎముక తప్ప ఏముంది?"

"తూకం వద్దులే. త్వరగా కానీ," అంది అత్త. వెనక్కి చూడకుండా నడిచింది. నేను పరిగెత్తి అందుకోవాల్సి వచ్చింది.

మర్నాడు గుడ్లు బాగున్నాయి. ఆ మర్నాడూ బాగున్నాయి. "చూశావా, డేటా," అని నన్ను నేనే మెచ్చుకున్నాను. మూడో రోజు మధ్యాహ్నం మళ్ళీ గడ్డి తడిసింది.

పాత ఫోన్ ఒకటి ఉంటే, గూళ్ళ తెరలు కాస్త పైకి మడిచి ఎదురుగా, ఆల్చిప్పల సంచి వెనకాల దాచి రికార్డింగ్ పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పకూడదని కాదు, ఈసారి తప్పితే నవ్వుతారని. నాలుగు రోజులు తీశాను. ఆ నాలుగు రోజుల్లో ఒక్క కోడి కూడా ఒక్క మంచి గుడ్డునీ పగలగొట్టలేదు. గుడ్డు పెడతాయి, దిగుతాయి, పోతాయి. మొద్దు ముక్కుతో ఒకటి రెండుసార్లు తట్టి చూస్తాయి, అంతే.

రోజూ పదకొండు గంటలకి, అమ్మ మిషన్ మీద, నేను ఆఫీసు కాల్లో ఉన్నప్పుడు, అత్త గూళ్ళ దగ్గరికొచ్చి తెర తొలగించేది. గొంతుక్కూర్చుని మూడు గుడ్లు చేతిలోకి తీసుకునేది. వేళ్ళతో దొర్లించేది. తల వంచి వినేది. కుడి చెవి దగ్గర పెట్టుకునేది, తర్వాత ఎడమ చెవి దగ్గర. మళ్ళీ దొర్లించేది, కాస్త గట్టిగా. మళ్ళీ, ఇంకాస్త గట్టిగా. ఫోన్‌కి ఆ చప్పుడు స్పష్టంగా వినపడుతోంది. చక్కగా గోలీల్లా పలుకుతున్నాయి గుడ్లు. అత్త మాత్రం దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు కళ్ళు మూసుకుని, ఇంకా గట్టిగా కొట్టేది. ఒకటి చిట్లేది. సొన మణికట్టు మీదకి జారేది.

అత్త కాసేపు ఆ చేతినే చూసుకునేది. తర్వాత పగిలినదాన్ని గడ్డిలో పెట్టి, చెయ్యి తుడుచుకుని, ఇంకో గుడ్డు తీసుకునేది. వెనక కోళ్ళు వచ్చి చేరేవి. అవి దేన్నీ మిగల్చవు.

పది రోజుల ఎర్ర గడులు గుర్తొచ్చాయి. బోడమ్మ ఎప్పుడూ అత్త వెనకే. పగిలిన గుడ్డు దగ్గరికి అందరికంటే ముందు చేరేది అదే. ముక్కు తడిసింది అందుకు. అది పోయాక రెండు రోజులు అత్త పెరట్లోకే రాలేదు, గుడ్లు బాగున్నది అందుకు.

ఆ రికార్డింగ్ అమ్మకి చూపించలేదు. అత్తకీ చూపించలేదు. తీసేశాను. అత్త పరువు కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఆ రోజంతా గొప్ప మనిషినని కూడా అనుకున్నాను.

కానీ గుడ్లు పగలడం ఆగాలిగా. అందుకని గూళ్ళు విప్పి కొత్తవి చేశాను. నేల వాలుగా. గుడ్డు పెట్టగానే చాప మీంచి దొర్లి, చీలికలోంచి గూటి వెనకున్న డ్రాయరులోకి పోతుంది. డ్రాయరుకి చిన్న తాళం. పిల్లులొస్తున్నాయని చెప్పాను. తాళంచెవి నా దగ్గరే.

అత్త స్టూలు మీద కూర్చుని నేను మేకులు కొడుతుంటే చూసింది.

"వాలు ఎక్కువైంది. రెండు వేళ్ళ ఎత్తు చాలు. ఇంత పెడితే గుడ్డు గోడకి కొట్టుకుంటుంది," అంది.

సరిచేశాను.

"అక్కడ కూడా ఇంతే ఉండేది," అంది మళ్ళీ. "మళ్ళీ బోనే కట్టావన్నమాట."

"గుడ్డు కనపడకపోతే తినవత్తా."

"కనపడకపోతే ఏ గొడవా ఉండదులే," అంది. డ్రాయరు తాళాన్ని వేలితో ఒకసారి ఆడించి, లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత పెరట్లోకి రావడం తగ్గించేసింది.

గుడ్లు తినడం ఆగిపోయింది. అమ్మ నన్ను ఆకాశానికెత్తేసింది. మిషన్ దగ్గరికి ఎవరొచ్చినా నన్ను పిలిచి, డ్రాయరు తీయించి చూపించేది. "మా అమ్మాయి బుర్ర!" అనేది. ఆమ్లెట్లు వేసింది. అత్త కడుపులో బాగాలేదని తినలేదు.

కొత్త షెడ్డు తెరవడానికి అప్పటికి ఇంకా మూడు వారాల టైముంది. ఆ మూడు వారాల్లో ఏ రోజైనా చెప్పొచ్చు. చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళొచ్చు. కనీసం ఆ షెడ్డు వద్దనొచ్చు. రోజూ పొద్దున్నే అనుకునేదాన్ని. అత్త సరిగ్గా అప్పుడే, ఉతికిన బట్టలు మడతపెడుతూ "పిలుపొస్తే ఏ చెప్పులేసుకోవాలే?" అని అడిగేది. రేపు చెప్దాంలే అనుకునేదాన్ని. ఈలోపు పిలుపొచ్చింది.

స్కూటర్ మీద నేనే తీసుకెళ్ళాను. కొత్త షెడ్డు తెల్లగా మెరిసిపోతోంది. లోపల ఫ్యాన్లు. సూపర్‌వైజరు నా వయసు అమ్మాయి, జుట్టుకి వల టోపీ. మర్యాదగా కుర్చీ వేసింది.

"పాత ఫారం వాళ్ళు మీ గురించి చాలా చెప్పారమ్మా. దీపం లేకుండానే ఏరేస్తారట కదా?"

"ఏదో, చేతి అలవాటు," అంది అత్త. సంతోషంతో చెంపలు ఎర్రబడ్డాయి.

ముప్ఫై గుడ్ల అట్ట ముందు పెట్టారు. అందులో ఐదు పగుళ్ళవి కలిపామని సూపర్‌వైజరు చెప్పింది. చుట్టూ పనిచేసే అమ్మాయిలు చేతులు ఆపి చూస్తున్నారు. అత్త మూడు గుడ్లు చేతిలోకి తీసుకుంది. ఈసారి గట్టిగా కొట్టలేదు. అవి ఒకదానికొకటి తగలడానికే భయపడుతున్నట్టు, దూదిని పట్టుకున్నట్టు పట్టుకుంది. వేళ్ళు మాత్రం అద్భుతంగా తిరుగుతున్నాయి. ముఖం మీద పాత ధీమా కూడా తెచ్చుకుంది. ఒక్కో మూడూ మంచివాటి వైపు పెడుతూ పోయింది. చివర్లో, అన్నీ మంచివే అంటే బాగుండదనుకుందేమో, ఒక గుడ్డు తీసి పక్కన పెట్టింది.

సూపర్‌వైజరు ఒక్కోటీ దీపం ముందుకి తీసుకుంది. ఐదు పగుళ్ళూ మంచివాటిలోనే ఉన్నాయి. పక్కన పెట్టినది నిక్షేపంగా ఉంది.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఆ అమ్మాయి నా వైపు తిరిగి, గొంతు తగ్గించింది.

"ఆవిడకి వినపడట్లేదు కదండీ? మీకు తెలీదా?"

"తెలుసు," అన్నాను.

నేనూ గొంతు తగ్గించే అన్నాను. అత్త నా పెదాలకేసే చూస్తోంది.

తిరిగొచ్చేటప్పుడు బైపాస్ మీద వాన పట్టుకుంది, ఆ ఏడాది మొదటి వాన. బస్సు షెల్టరు కింద స్కూటర్ ఆపాను. అత్త బెంచీ చివర కూర్చుంది. తడిసిన చెప్పులు విప్పి పక్కన పెట్టుకుంది, కొత్తవి.

"ఎప్పట్నుంచి తెలుసు?" అంది.

వాన హోరుకి నేను ఎదురుగా వెళ్ళి నిలబడి చెప్పాల్సి వచ్చింది. "బోడమ్మ పోయిన వారానికి. ఫోన్‌లో చూశాను."

తల ఊపింది. కోప్పడుతుందని ఎదురుచూశాను. కోప్పడలేదు.

"నాకు అంతకు ముందే తెలుసే," అంది. "నువ్వు ఆ ఎర్ర బొమ్మ చూపించిన రోజుకే తెలుసు. గుడ్డు చిట్లేది నా చేతిలో అని."

"మరి చెప్పలేదేంటత్తా?"

"చెప్తే నన్ను షెడ్డుకి పంపేవాళ్ళా? ఒక్క పూట నెగ్గుకొస్తే చాలనుకున్నా. చెవి పోయినా చేతికి తెలుస్తుందనుకున్నా." చెప్పుల మీది నీళ్ళు కొంగుతో తుడిచింది. "బోడమ్మని ఎత్తుకుని గుమ్మం దాటేదాకా చూశా, మీ ఇద్దరిలో ఎవరైనా అడుగుతారేమో అని. మీరేనా వదినా, నువ్వేనా అత్తా అని. అడిగుంటే ఒప్పేసుకునేదాన్నే. నాలుక చివరే ఉంది."

ఆ రోజు వాన తగ్గేదాకా ఇద్దరం లారీలు లెక్కపెడుతూ కూర్చున్నాం.

తర్వాత డాక్టరు చూశాడు. కుడి చెవి దాదాపు లేదు, ఎడమది సగం అన్నాడు. ఇంత ఆలస్యం చేశారేమన్నాడు. చెవికి మిషన్ ఇచ్చాడు. అది పెట్టుకుంటే మాటలు వినపడతాయి గానీ సన్నని చప్పుళ్ళు వినపడవట. గుడ్డు చప్పుడు రాదని ఒక్కసారి చెప్పి ఊరుకుంది అత్త. ఇప్పుడు అమ్మ పక్కన కూర్చుని యూనిఫారాలకి గుండీలు కుడుతుంది. అమ్మ ఏదైనా అనాలంటే కుట్టు మిషన్ ఆపి, లేచి, ఎదురుగా వచ్చి అంటోంది. దాంతో వెటకారాలు సగానికి సగం తగ్గాయి. మనిషి కళ్ళలోకి చూసి అనాల్సి వస్తే చాలావరకు అనబుద్ధి కావట్లేదట. మిగతా ఎనిమిది కోళ్ళకీ ఈకలొచ్చాయి. ఎర్రగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. అత్త వాటికి గింజలు వేస్తుంది గానీ పేర్లు పెట్టలేదు.

నిన్న మధ్యాహ్నం గుండీలు కుడుతుంటే వెళ్ళి ఎదురుగా కింద కూర్చున్నాను. "అత్తా, ఏం ఆలోచిస్తున్నావ్?" అన్నాను. ఇంతకాలం ఈ ప్రశ్న ఎప్పుడైనా అడిగానా అని వెతుక్కుంటే ఒక్క రోజూ దొరకలేదు. సూది ఆపి నా వంక అనుమానంగా చూసింది. "ఎందుకే, ఏమైంది?" అంది. అంత అలవాటు తప్పిందన్నమాట మా ఇంట్లో. మళ్ళీ అడిగాను. ఈసారి ఐదు నిమిషాలు మాట్లాడింది.

మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఏదో ఒకటి చంకలో పెట్టుకుని గుమ్మంలో ఆగి ఉంటారు. మీరు అడిగారా, లేక నాలాగా వాళ్ళ మంచికే అనుకుని ఊరుకున్నారా? అడిగుంటే ఏ మాటతో మొదలుపెట్టారో కింద రాయండి. నాకు మొదటి మాట దగ్గరే తడబాటు. ఊరుకునుంటే అది కూడా రాయండి. ఇక్కడ ఎవరూ గడులకి రంగులు వెయ్యరు.